కారు పార్కింగ్ గచ్చుకు ఎపాక్సీ వేయించాలా, టైల్సా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. కింద పార్కింగ్, పైన రెండంతస్తుల ఇల్లు. పార్కింగ్ సుమారు 20 అడుగులకు 20 అడుగులు ఉంటుంది. ఒక కారు, రెండు బండ్లు పెడతాం. గచ్చు సిమెంటుది, ఇల్లు కట్టినప్పుడు పోసిందే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు వచ్చి పోయాక గచ్చంతా బురద మరకలు పట్టింది. ఆ మరకలు కనపడకుండా తర్వాత ఒక పెయింటర్ చేత బూడిదరంగు ఫ్లోర్ పెయింట్ వేయించాను. ఆరు నెలలు తిరక్కుండానే కారు టైర్లు ఆగే చోట పెచ్చులు లేచిపోయాయి. ఊడిన పెచ్చు ఒకటి కవర్లో పెట్టి పంపుతున్నాను. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఎపాక్సీ (గచ్చు మీద పూస్తే గట్టి ప్లాస్టిక్ పొరలా బిగుసుకునే కోటింగ్) వేయించమని వీడియోలు పంపుతున్నాడు. ఇక్కడ ఒకాయన ఎపాక్సీ వేస్తానంటూ పదేళ్ళ గ్యారంటీ ఇస్తున్నాడు. మా మేస్త్రి మాత్రం పార్కింగ్ టైల్సే మేలంటాడు. నున్నగా ఉంటే మా అమ్మ జారిపడుతుందని మా ఆవిడ భయం. ఏది చేయిస్తే మళ్ళీ మళ్ళీ ఈ టెన్షన్ లేకుండా ఉంటుంది?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఆ పెచ్చు పంపడం మంచి పని చేశారు. దాన్ని వెనక్కి తిప్పి వేలితో రుద్దితే బూడిదరంగు పొడి అంటింది, ముఖానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా. అంటే పెయింట్ తన పట్టు వదల్లేదు. అది పట్టుకున్న సిమెంట్ పొరే కిందనున్న గచ్చు నుంచి విడిపోయి వచ్చింది.

గచ్చు పోసేటప్పుడు మన మేస్త్రీలు ఏం చేస్తారో మీరూ చూసే ఉంటారు. నీళ్ళు పైకి తేలాక పొడి సిమెంట్ చల్లి తాపీతో అద్దంలా రుద్దుతారు. చూడటానికి, ఊడవడానికి బాగుంటుంది. కానీ ఆ పైపొరలో నీళ్ళెక్కువ, కంకర బలం లేదు. కాళ్ళకు, చీపురుకు అది చాలు. పైన రంగు వేసి కారు ఎక్కిస్తే మాత్రం తట్టుకోదు. ఎండలో తిరిగి వచ్చిన కారు టైరు బాగా కాగి ఉంటుంది. ఆ వేడికి పల్చటి పెయింట్ కాస్త మెత్తబడుతుంది, టైరు రబ్బరులోని నూనెలాంటి పదార్థాలు దాంట్లోకి దిగుతాయి. రాత్రికి టైరు చల్లారి దగ్గరపడేటప్పుడు పెయింట్‌ను తనతో పాటు లాగుతుంది. పొద్దున్నే కారు తీస్తే టైరు అచ్చు ఉన్నంత మేరా పెచ్చు లేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని ‘హాట్ టైర్ పికప్’ అంటారు. మీ ఇంట్లో సరిగ్గా జరిగింది ఇదే.

పెచ్చు వెనక వైపు పొడి లేకుండా శుభ్రంగా, మెరుస్తూ ఉంటే కథ వేరు. గచ్చు మరీ నున్నగా ఉండో, ఆయిల్ ఇంకి ఉండో రంగు అసలు పట్టుకోలేదని అర్థం. తెల్లటి ఉప్పు, చెమ్మ కనిపిస్తే నీళ్ళు కింది నుంచి వస్తున్నట్టు. మీ గచ్చు మీద ఇంకో మూడు నాలుగు చోట్ల కూడా పెచ్చులు లేపి వెనక్కి తిప్పి చూడండి. ఒక మూల ఒక రకంగా, ఇంకో మూల ఇంకో రకంగా ఉండటం మామూలే.

కాబట్టి ఆ గ్యారంటీ ఇచ్చే ఆయన్ని ముందు అడగాల్సింది ఎన్నేళ్ళు ఉంటుందని కాదు, వేసే ముందు గచ్చును ఏం చేస్తావని. ‘కడిగి, ఆరబెట్టి వేసేస్తాం సార్’ అంటే ఆయనకో దణ్ణం పెట్టి పంపించేయండి. ‘యాసిడ్‌తో కడుగుతాం’ అన్నా నేను ఒప్పుకోను. నున్నగా రుద్దిన గచ్చును యాసిడ్ పైపైన గీరుతుందే తప్ప ఆ బలహీనమైన పొరను పూర్తిగా తీయదు. పైగా గచ్చులోకి బోలెడు నీళ్ళు ఎక్కుతాయి, సరిగ్గా కడగకపోతే మిగిలిన యాసిడ్ తర్వాత పట్టును చెడగొడుతుంది. డైమండ్ బిళ్ళలున్న గ్రైండింగ్ మిషన్‌తో, దుమ్ము లాగే వాక్యూమ్ పెట్టి, పొడిగా గీకించాలి. పాత పెయింట్, ఆ పొడి పొర రెండూ పోయి లోపలి ఇసుక రేణువులు కనపడాలి. అరచేతితో తడిమితే ముతక ఉప్పుకాగితంలా తగలాలి. ఆ సిమెంట్ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. పనివాళ్ళకు ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి, ఆ పూట అమ్మగారిని పై అంతస్తులో ఉంచండి.

మొజాయిక్ పాలిష్ చేసేవాళ్ళ మిషన్‌తో చేయించేద్దామని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. ఆ మిషన్ నీళ్ళతో నడుస్తుంది. గీకుడు బాగానే ఉంటుంది గానీ, ఆ రొచ్చంతా కడిగించి గచ్చు మళ్ళీ పూర్తిగా ఎండేదాకా ఆగాలి. ఆ ఓపిక మన కాంట్రాక్టర్లకు తక్కువ.

గ్రైండింగ్‌కు డబ్బు పెట్టే ముందు ఇంకో పని ఉంది. నా లెక్కలో ఎపాక్సీనా టైల్సా అని తేల్చేది అదే. చెమ్మ పరీక్ష.

మీరు బుడమేరు నీళ్ళ సంగతి రాశారు. పైన నిలిచిన ఆ వరద నీరు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, దాని గురించి బెంగ వద్దు. బెంగ పెట్టుకోవాల్సింది కింద ఉన్న నేల గురించి. మన వైపు చాలా ఇళ్ళకు బుసకతోనో గ్రావెల్‌తోనో మెరక చేసి, కంకర వేసి, దాని మీద నేరుగా గచ్చు పోసేస్తారు. కింద పాలిథిన్ షీటు పరిచే అలవాటు తక్కువ. నేలలోని తేమ ఆవిరై గచ్చు గుండా మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది. పైన ఏమీ లేకపోతే గాలికి ఆరిపోతుంది కాబట్టి మనకు తెలియదు. ఎపాక్సీ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఆవిరి కింద చేరి, సిమెంట్‌లోని ఉప్పుల్ని, క్షారాన్ని వెంట తెచ్చుకుని, కోటింగ్‌ను బొబ్బల్లా పైకి లేపుతుంది. మీ అబ్బాయి చూసే గ్యారేజీల్లో చాలావాటికి కట్టేటప్పుడే గచ్చు కింద ప్లాస్టిక్ షీటు వేసి ఉంటారు. అక్కడి వీడియోల్లో బాగున్నది ఇక్కడా అలాగే ఉంటుందని అనుకోవడానికి లేదు.

పరీక్షకు పెద్ద ఖర్చేమీ కాదు. మందపాటి పారదర్శక పాలిథిన్ షీటును ఒకటిన్నర అడుగు చదరంగా మూడు ముక్కలు కోయండి. గచ్చును తుడిచి, పెయింట్ పూర్తిగా గీకేసిన చోట వాటిని పరిచి, నాలుగు అంచులకూ గాలి చొరబడకుండా వెడల్పు టేపు అంటించండి. ఒకటి టైరు ఆగే చోట, ఒకటి నీళ్ళ సంపు పక్కన, ఒకటి ఎండ తగలని మూలన. తక్కువలో తక్కువ 16 గంటలు ఉంచాలి, ఒక రోజంతా ఉంచితే ఇంకా మంచిది. తీసినప్పుడు షీటు అడుగున నీటి చుక్కలు ఉన్నా, కింద గచ్చు చుట్టుపక్కల కంటే నల్లబడినా చెమ్మ ఉన్నట్టే.

ఎప్పుడు చేస్తారన్నది కూడా ముఖ్యం. మే నెలలో చేస్తే ఏ గచ్చయినా పాసవుతుంది. వానలు బాగా పడ్డాక, నేల తడిసి ఉన్నప్పుడు చేయండి. బందరు కాలువకో, ఏలూరు కాలువకో, రైవస్ కాలువకో దగ్గర్లో ఉన్నవాళ్ళు కాలువలకు నీళ్ళు వదిలిన కొన్ని వారాలకు చేసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వచ్చిన ఫలితాన్ని నమ్ముకోకూడదు.

మూడు షీట్లలో ఏ ఒక్కదాని కింద చెమ్మ కనిపించినా నా సలహా సూటిగా చెబుతాను. ఎపాక్సీ మాట మర్చిపోయి మీ మేస్త్రి మాట వినండి. చెమ్మను ఆపే ప్రత్యేకమైన ఎపాక్సీ ప్రైమర్లు ఉన్నాయి, నిజమే. వాటిని సరైన మందంలో, పొరపాటు లేకుండా వేసే మనిషి దొరకాలి. ఇంటి పార్కింగ్‌కు అంత ఖర్చు, అంత రిస్కు దండగ అని నా అభిప్రాయం. టైల్స్ కింద సిమెంట్ మాల్ చెమ్మకు చెడిపోదు. ఎక్కడో ఒక టైలు పగిలినా అదొక్కటే మార్చుకోవచ్చు.

టైల్స్ అంటే ఇంట్లో వేసే నునుపు రకం కాదు, గరుకుగా, మందంగా ఉండే పార్కింగ్ టైల్స్. వేసేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సింది ఒకటే: టైలు కింద మాల్ నిండుగా ఉండాలి. నాలుగు మూలలా, మధ్యలో ఇంత ముద్ద పెట్టి టైలు అదిమేస్తే కింద గుల్ల ఉండిపోతుంది. కారు చక్రం ఎక్కిన రోజు అది టప్పుమంటుంది. మాల్ గట్టిపడ్డాక ప్రతి టైలునూ చెక్క సుత్తితో తట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే తీయించి మళ్ళీ వేయించండి. ఇంకో సంగతి చాలామంది పని అయ్యాక గానీ గమనించరు. మాల్, టైలు కలిపి నేల రెండంగుళాల దాకా లేస్తుంది. మీ గేటు లోపలికి తెరుచుకునేదయితే కింద గీసుకుపోతుంది. ముందే కొలుచుకోండి. నీళ్ళు వీధి వైపు పోయేలా వాటం కూడా అప్పుడే సరిచేయించుకోవచ్చు.

కడప బండలు చౌక కదా అని కొందరు అడుగుతుంటారు. గట్టివే. అయితే అది సున్నపురాయి జాతి. బాత్రూమ్ యాసిడ్ చుక్క పడితే తెల్లగా కొరికేస్తుంది, పాలిష్ చేసినది తడిస్తే జారుతుంది. మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి నేను అటు వెళ్ళను.

చెమ్మ లేదని తేలితే ఎపాక్సీ నిక్షేపంగా వేయించుకోవచ్చు. ఊడవడానికి సుఖం, ఆయిల్ చుక్క పడినా గుడ్డతో తుడిస్తే పోతుంది, వెలుతురు కూడా పెరుగుతుంది. కాకపోతే ‘ఎపాక్సీ’ అన్న పేరు మీద బజారులో చాలా రకాల సరుకు అమ్ముతారు. ఒక్క డబ్బాలో వచ్చి, మూత తీసి నేరుగా పూసేది పేరుకే ఎపాక్సీ. అసలుది రెండు డబ్బాల్లో వస్తుంది, ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డనర్. అందులోనూ థిన్నరో నీళ్ళో కలిసినవి ఉంటాయి, అవి ఆరాక పొర పల్చబడుతుంది. మీరు అడగాల్సింది నూరు శాతం సాలిడ్స్ ఉన్న రకం. పూసినంత మందమూ అలాగే నిలిచేది అదే.

ఇక్కడ రైల్వే లెక్కలు చేసినవారికి నచ్చే చిన్న లెక్క ఒకటి. లీటరు కోటింగ్‌ను 10 చదరపు మీటర్ల మీద పరిస్తే పొర మందం 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. మీ 400 చదరపు అడుగులు అంటే సుమారు 37 చదరపు మీటర్లు. కారు తిరిగే చోట ప్రైమర్ కాకుండా కనీసం 300 మైక్రాన్లు ఉండాలని నేనంటాను. అంటే 11 లీటర్ల పైచిలుకు సరుకు కావాలి, రోలర్‌కు, బకెట్‌కు అంటుకుపోయేది అదనం. ఆయన నాలుగు లీటర్ల డబ్బా పట్టుకొచ్చి రెండుసార్లు పూశానంటే మీకు దక్కేది 100 మైక్రాన్లు, అందులో సగం థిన్నరయితే 50. తల వెంట్రుక మందం కూడా ఉండదు. రేటు చదరపు అడుగుకు ఎంతని బేరమాడే ముందు ఎన్ని మైక్రాన్లు, ఎన్ని లీటర్లు అని అడగండి. సీలు తీయని డబ్బాలు మీ కళ్ళ ముందు తెరవాలని చెప్పండి.

వరస ఇలా ఉండాలి. గ్రైండింగ్ అయ్యాక పగుళ్ళను వి ఆకారంలో కోసి, ఎపాక్సీలో క్వార్ట్జ్ (పలుగురాయి) పొడి కలిపిన ముద్దతో నింపాలి. (గుంటూరు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్ళలో నేల ఎండినప్పుడు కుంచించుకుని, తడిసినప్పుడు ఉబ్బుతుంది. అలాంటి చోట పూడ్చిన పగులు మళ్ళీ కనిపిస్తే ఎపాక్సీని తిట్టి లాభం లేదు.) బండ్లు ఆపే చోట ఇంజిన్ ఆయిల్ ఇంకి ఉంటుంది. దాన్ని వేడినీళ్ళు, బట్టల సోడాతో తోమించి, ఆరాక నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క ఇంకకుండా ముత్యంలా నిలబడితే ఆయిల్ ఇంకా ఉంది, మళ్ళీ తోమించాలి. తర్వాత ప్రైమర్, ఆపైన ఎపాక్సీ. అది తడిగా ఉండగానే సన్నటి క్వార్ట్జ్ ఇసుక చల్లాలి, ఆరాక వదులుగా ఉన్నది ఊడ్చేసి, ఇంకో కోటు వేయాలి. కాలికి కొంచెం గరుకుగా తగులుతుంది. మీ ఆవిడగారి భయానికి మందు ఈ ఇసుకే. తడి కాళ్ళతో నడిచినా పట్టు ఉంటుంది. గేటు నుంచి మెట్ల దాకా అమ్మగారు నడిచే దారిలో ఇసుక కాస్త ఎక్కువ చల్లమనండి. ఏటి ఇసుక పనికిరాదు, అందులో మట్టి, తేమ ఉంటాయి. ముగ్గు పెట్టుకునే చోటు మటుకు, గేటు బయట ఒక రెండడుగులు, ఏ కోటింగూ లేకుండా వదిలేయడం మంచిది. ఎపాక్సీ మీద ముగ్గుపిండి నిలవదు, కాలు పెడితే జారుతుంది కూడా.

మీ పార్కింగ్ ముందు భాగం మీద ఎండ పడేటట్టయితే ఎపాక్సీ ఒక్కటే చాలదు. ఎండకు పచ్చబడి, పైన సుద్దలా పొడి రాలుతుంది. చివర ఒక కోటు పీయూ, అంటే ఎండకు రంగు మారని రకం పాలీయూరిథేన్, వేయించాలి. దాని వల్ల గీతలు కూడా తక్కువ పడతాయి. ఆ వీడియోల్లో ఒక్క రోజులో పని ముగించే పాలియాస్పార్టిక్ అనే కోటింగ్ చూపించి ఉంటారు. మంచి సరుకే గానీ, మన వేడికీ ఉక్కకూ రోలర్ చేతిలో ఉండగానే బిగుసుకుపోతుంది. దానికి చేయి తిరిగిన మనుషులు కావాలి. మీకు వద్దు.

పనికి అనువైన కాలం సంక్రాంతి వెళ్ళాక మార్చి మధ్య వరకు. వానాకాలంలో, తుఫాను రోజుల్లో గాలి తేమకు ఎపాక్సీ మీద తెల్లటి జిడ్డు పొర తేలి, పై కోటు పట్టదు. మే ఎండల్లో అయితే కలిపిన సరుకు బకెట్‌లోనే ఉడికిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే కలపగానే బకెట్‌లో ఉంచుకోకుండా గచ్చు మీద చారలుగా పోసేసి రోలర్‌తో పరుచుకోవాలి. శీతాకాలం తెల్లవారుజామున గచ్చు చల్లగా ఉండి మంచు చెమ్మ పడుతుంది, తొమ్మిది దాటాక మొదలుపెట్టమనండి. రెజిన్, హార్డనర్ డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. ‘త్వరగా ఆరడానికి హార్డనర్ కాస్త ఎక్కువ పోశాను’ అనే మనిషిని అక్కడికక్కడే ఆపండి. అలా చేస్తే బలం పెరగదు, జిగురుగా ఉండిపోతుంది.

ఆరడం విషయంలో తొందరపడకండి. ఒక రోజుకు నడవొచ్చు, కనీసం మూడు రోజులకు కారు ఎక్కించవచ్చు. పూర్తిగా గట్టిపడటానికి వారం కావాలి. వీధిలో పెట్టుకునే వీలుంటే వారం పాటు కారు బయటే ఉండనివ్వండి, తడి గుడ్డ కూడా పెట్టొద్దు.

తర్వాత వాడకంలో మన ఇళ్ళకు ప్రత్యేకమైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి, ఆ వీడియోలవాళ్ళకు ఇవి తెలియవు. బండి సైడ్ స్టాండ్ బరువంతా రూపాయి బిళ్ళంత చోట పడుతుంది, ఎంత మంచి కోటింగ్‌కైనా గుంట పడుతుంది. బండ్లు ఆపే చోట గ్రానైట్ ముక్క ఒకటి పడేసి దాని మీద స్టాండ్ వేయండి. ఇంట్లో శుభకార్యమైతే పార్కింగ్‌లోనే గాడిపొయ్యి పెట్టి వంట చేయించడం మనకు అలవాటు. పొయ్యి సెగకూ, దించిన వేడి గుండిగకూ ఎపాక్సీ మెత్తబడి మచ్చ పడుతుంది, దీపావళి భూచక్రాలు, చిచ్చుబుడ్లు సరేసరి. వంటలు పెరట్లోకి మార్చుకోగలరా లేదా అన్నది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. మార్చలేమంటే చెమ్మ లేకపోయినా టైల్సే మీకు సరి. బ్రేక్ ఆయిల్ ఒలికితే మాత్రం వెంటనే సబ్బు నీళ్ళతో కడిగేయాలి, అది రంగును తినేస్తుంది. ఇంజిన్ ఆయిల్‌కు అంత హడావుడి అక్కర్లేదు.

రెండింటికీ ఇప్పుడు చేతిలో డబ్బు లేదనుకుంటే ఇంకో దారి ఉంది. పాత పెయింట్ గీకించి, లిథియం సిలికేట్ హార్డనర్ అనే ద్రవం పట్టించి వదిలేయవచ్చు. పొరలా పేరుకోకుండా గచ్చులోకి ఇంకి, దుమ్ము లేవకుండా గట్టిపరుస్తుంది, ఆవిరిని అడ్డుకోదు. ఊడిపోవడానికి అక్కడ పొరే ఉండదు. మెరుపు రాదు, ఆయిల్ మరకలు పడతాయి. అయినా ఆ ఊడే ఫ్లోర్ పెయింట్ మళ్ళీ వేయించడం కంటే ఇది వంద రెట్లు నయం.

డబ్బు దగ్గర ఒక మాట. పదేళ్ళ గ్యారంటీ అని నోటితో చెప్పడం కాదు, బొబ్బలు వచ్చినా, టైరు కింద పెచ్చు లేచినా మళ్ళీ గ్రైండ్ చేసి ఉచితంగా వేస్తానని కాగితం మీద రాయించుకోండి. గ్రైండింగ్, మైక్రాన్లు, సరుకు పేరు, లీటర్లు అందులోనే ఉండాలి. బిల్లులో మూడో వంతు ఆపి, కారు ఎక్కించిన నెల తర్వాత ఇస్తానని పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి, విజయవాడలో పనిచేసేవాళ్ళకు కొదవ లేదు.